మార్చి దాకా మారొద్దు

"మీ బళ్ళో బుల్లీ ఉందా?" అని మండల విద్యాశాఖాధికారి దాలినాయుడు గారు ఫోన్లో అడిగితే, మా హెడ్మాస్టరు వైకుంఠరావు గారికి "మీ బళ్ళో బల్లి ఉందా?" అని వినపడింది. ఆయన తప్పు లేదు. మా గెడ్డపాలెం ఉన్నత పాఠశాలలో సిగ్నలు అందాలంటే మేడమెట్లలో ఆరోదాని మీద ఎడంకాలితో నిలబడాలి. పైగా సమయం పదకొండున్నర. వంటశాలలో సాంబారు మరుగుతోంది. మధ్యాహ్న భోజనం పెట్టే బడిలో హెడ్మాస్టరు కలలో కూడా ఉలిక్కిపడే ప్రాణి పులి కాదు, బల్లి.

"బల్లి లేదండీ, అమ్మతోడు! ఇంకా మూతే తియ్యలేదు!"

"లేకపోతే ఎలాగయ్యా? ప్రతి బడికీ కనీసం ఒకటి ఉండి తీరాలని పైనుంచి ఆర్డరు."

"కనీసం ఒకటా అండి?"

"ఎక్కువుంటే మరీ మంచిది. గుర్తించి, ఫొటో తీసి, భుజం మీద చెయ్యేసి ప్రేమగా మాట్లాడి, మార్చిలోగా మార్చాలి."

"మార్చి... ఏం చెయ్యాలండి?"

"ఉత్తమ పౌరుణ్ణి!"

వైకుంఠరావు గారు ఆరో మెట్టు మీదే కూలబడ్డారు. ఆయన నోట "బల్లి" అన్న ముక్క విన్న వంటమ్మ అసిరమ్మ, ముందుజాగ్రత్తగా సాంబారంతా కాలవపాలు చేసింది. ఆ పూట రెండువందల నలభై మంది పిల్లలు వట్టి అన్నంలో గుడ్డు నంజుకుని తిన్నారు. మర్నాడు కాగితం వచ్చాక గానీ, ఆ జీవి బల్లి కాదనీ బుల్లీ అనీ, అంటే తోటి పిల్లల్ని ఏడిపించే పిల్లవాడనీ తేలలేదు.

తేలాక ఆయన, "బల్లే నయం" అన్నారు.

అన్నట్టు, ఆ పూట రెండువందల నలభై మందీ గుడ్డు తిన్నారని రాశాను. పొరపాటు. రెండువందల ముప్పైతొమ్మిది మంది. ఆ మిగిలిన ఒక్కరి గుడ్డు గురించే ఈ కథంతా.

ఆ ఒక్కరి పేరు గౌరీశ్వరి. ఆరో తరగతి. ఆ గుడ్డు తిన్నవాడి పేరు సన్యాసి. తొమ్మిదో తరగతి, ఐదడుగుల ఎనిమిదంగుళాలు. పేరుకే సన్యాసి, పరుల పళ్ళెంలో గుడ్డు మీద మాత్రం వైరాగ్యం లేదు. జులై నుంచీ రోజూ గంట కొట్టగానే ఆ పిల్ల ఎదుట నిలబడి చెయ్యి చాపేవాడు. ఆ అమ్మాయి ఇచ్చేసేది. ఓ రోజు నా దగ్గరకొచ్చి చెప్పింది కూడా.

"పండితులు సారూ, సన్యాసన్నయ్య రోజూ నా గుడ్డు తినీస్తన్నాడండి."

"పెద్దవాడు కదమ్మా, సర్దుకో" అన్నాను. మా వృత్తిలో దీన్ని పరిష్కారం అంటారు.

ఇప్పుడు కాగితం సంగతి. దాని పేరు 'కరుణోదయం'. పదహారు పేజీలు. సర్క్యులర్ అని దాన్ని ఎందుకంటారో మూడుసార్లు చదివితే తెలిసింది, ఎక్కడ మొదలెట్టామో అక్కడికే వస్తాం. అందులో ముఖ్యాంశాలు: "ప్రతి పాఠశాలయందు కనీసం ఒక పీడకుడు, ఒక పీడితుడు గుర్తింపబడవలెను. శూన్య నివేదికలు ఆమోదింపబడవు. పీడకుడు లేడని తెలిపిన పాఠశాల, పీడకుని దాచుచున్న పాఠశాలగా పరిగణింపబడును. పీడకునియందు పరివర్తన సెప్టెంబరున నాలుగు శాతముతో ప్రారంభమై, క్రమక్రమముగా పెరిగి, మార్చి ముప్పది ఒకటిన నూరు శాతమునకు చేరవలెను." పీడితుల జాబితా పీడీఎఫ్‌లో పంపాలట. పీడని పీడీఎఫ్ చేయడం మాకు ఆనాటి నుంచే అలవాటైంది.

దీనికంతటికీ నోడల్ అధికారిగా నన్ను వేశారు. నోడల్ అంటే ఏమిటని హెడ్మాస్టరు గారిని అడిగాను. "నోరు మెదపకుండా చేసేవాడు" అన్నారు.

ఆ రోజు గౌరీశ్వరిని ఆఫీసు గదికి పిలిపించాం. జులైలో గుమ్మంలోనే నిలబెట్టి పంపేసిన పిల్లకి ఇప్పుడు కుర్చీ వేశారు. కాళ్ళు నేలకి అందలేదు.

"తల్లీ! నీ గుడ్డు పోతోందని విన్నాం. చాలా సంతోషం!" అన్నారు వైకుంఠరావు గారు.

"నా గుడ్డు నాకిప్పించీసి..."

"ఇప్పిస్తాం, ఇప్పిస్తాం. దానికో పద్ధతుంది. నువ్వు ఇప్పుడు మామూలు పిల్లవి కాదు, గుర్తింపు పొందిన బాధితురాలివి. బాధితురాలికి బాధ్యతలుంటాయి."

ఫారం-7 నింపాం. మా బడికి వచ్చేది ఫారం కోడిగుడ్డు కాబట్టి దాని కష్టం ఫారంలోనే చెప్పుకోవాలి కాబోలు. 'పీడనకు గురియైన అవయవము' అన్న గడిలో ఏం రాయాలో తెలియక 'గుడ్డు' అని రాశాను.

తర్వాత సన్యాసిని పిలిచాం. కౌన్సెలింగ్ ఎలా మొదలెట్టాలో తొమ్మిదో పేజీలో ఉంది: భుజం మీద చెయ్యి వేయవలెను. వాడి భుజం నా తలకి రెండంగుళాలు పైన ఉంది. స్టూలెక్కి వేశాను.

"సన్యాసీ, ఆ పిల్ల గుడ్డు ఎందుకు తీసుకుంటున్నావురా?"

వాడు ఆలోచించాడు. అబద్ధం కోసం వెతుకుతున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే ఆలోచించాడు.

"ఎవులూ వద్దన్నేదండి" అన్నాడు.

"నేను వద్దంటున్నాను."

"అలగేనండి. మానేస్తాను."

అంతే. స్టూలు మీంచి దిగేలోగా అయిపోయింది. ముప్పై వారాల కార్యక్రమం నలభై సెకన్లలో పూర్తయింది. నేను మురిసిపోతూ హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన మొహం మళ్ళీ బల్లిని విన్నట్టు అయిపోయింది.

"మానేస్తానన్నాడా? ఇప్పుడే? సెప్టెంబర్లోనే?" అంటూ పరుగెత్తుకొచ్చారు. "ఒరే బాబూ, ఒరే నాయనా, కొంప ముంచకు! ఈ నెల నీకు నాలుగు శాతమే శాంక్షను. వందకి తొంభైయారు పాళ్ళు దుర్మార్గుడివిగా ఉండాలి. మార్చి దాకా మారొద్దు!"

"మరి నాలుగు శాతం ఎలగండి?"

వైకుంఠరావు గారు నా వైపు చూశారు. లెక్కల మాస్టారిని పిలిచాం. గుడ్డులో నాలుగు శాతమంటే పచ్చసొన మీద పొర పాటి అని ఆయన తేల్చారు. ఆ వారం నుంచీ సన్యాసి రోజూ గౌరీశ్వరి గుడ్డు తీసుకుని, గోటితో కొసరంత తుంచి ఆ పిల్ల పళ్ళెంలో వేసేవాడు. అదే పరివర్తన. నేను రిజిస్టర్లో టిక్కు పెట్టేవాణ్ణి.

"సారూ, సన్యాసన్నయ్య మానేస్తానంటన్నాడు గదండి. నాను తినీవచ్చా?" అని ఆ పిల్ల అడిగింది.

"తింటే గ్రాఫు పాడైపోతుందమ్మా" అన్నాను.

గ్రాఫు పాడైతే ఏమవుతుందో ఆ పిల్లకి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. హెడ్మాస్టరు గారికి తెలుసేమో అనుకున్నాను. ఆయన దాలినాయుడు గారికి తెలుసేమో అనుకున్నారు.

'పీడించుచున్న దృశ్యం' ఫొటో తీయడానికి ఒక పూట పట్టింది. సన్యాసి చెయ్యి చాపితే అడుక్కుంటున్నట్టు వచ్చింది. కళ్ళెర్ర చెయ్యమంటే తుమ్మాడు. గౌరీశ్వరిని ఏడవమంటే నవ్వింది. చివరికి ఆ పిల్లే విసుగెత్తి డైరెక్షను చేసింది.

"అలగ కాదన్నయ్యా. జులైల ఎలగ సూసేవోడివి? ముందు నా పళ్ళెం ఏపు సూసి, అప్పుడు నా ఏపు సూడు. ఆఁ, ఇప్పుడు నాకేసి అడుగెయ్యి."

వాడు అడుగేశాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. దాలినాయుడు గారు చూసి, "ఇదీ పీడనంటే! గుడ్ ప్రాక్టీస్!" అని మెచ్చుకుని మండలంలో ఉన్న బడులన్నిటికీ పంపారు. ఇది గుడ్ ప్రాక్టీసో, గుడ్డు ప్రాక్టీసో నాకిప్పటికీ సందేహమే. కానీ అక్కడే కష్టాలు పిల్లలు పెట్టాయి.

మండలంలో తక్కిన ఐదు ఉన్నత పాఠశాలల్లోనూ బుల్లీలు దొరకలేదు. లేక కాదు. ఒక చోట ఉన్నవాడు బడి కమిటీ ఛైర్మన్ గారి కొడుకు. ఇంకో చోట ఉన్నది డ్రిల్లు మాస్టారు. మరో చోట ఉన్నదెవరో అందరికీ తెలుసు, పేరు చెప్పడానికి అందరికీ భయం. శూన్య నివేదికేమో కుదరదాయె. ఐదుగురు హెడ్మాస్టర్లూ ఐదు రోజులపాటు మా బడికొచ్చి, వరండాలో కూర్చుని, వైకుంఠరావు గారిని ఆడపిల్ల తండ్రిని చూసినట్టు చూశారు.

"మీ కుర్రాణ్ణి వారానికి ఒక్కరోజు మా బడికి పంపండి మాస్టారూ. మా కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాం."

"మా పిల్లలు అసలే అమాయకులు. ఏడిపించేవాడు లేక వెనకబడిపోతున్నారు."

దాలినాయుడు గారు డిప్యుటేషన్ ఉత్తర్వు జారీ చేశారు. అది ఫ్రేము కట్టించదగ్గది: "గెడ్డపాలెం పాఠశాలయందు పీడకునిగా సంతృప్తికరముగా పనిచేయుచున్న శ్రీ సన్యాసి, మిగులు పీడనా సామర్థ్యము కలిగియున్నందున, సోమవారము మొదలు శుక్రవారము వరకు దిగువ తెలిపిన పాఠశాలలయందు సేవలందించవలెను. పీడకుని గుర్తింపు సంఖ్య పీడితుని గుర్తింపు సంఖ్యతో ముడిపడియున్నందున, కుమారి గౌరీశ్వరి కూడ వెంట వెళ్ళవలెను."

నోడల్ గనక నేనూ వెళ్ళాను. ముగ్గురం ఒకే ఆటోలో. ప్రతి బడిలోనూ ఆరు నుంచి పదో తరగతి దాకా, తరగతికొకటి చొప్పున ఐదు ప్రదర్శనలు. ప్రతి ప్రదర్శనకీ ఒక గుడ్డు. 'గుడ్డును పీడకుడు భుజించినట్లు ఉపాధ్యాయుడు కన్నులారా నిర్ధారించవలెను' అని నిబంధన. నేను కన్నులారా నిర్ధారించేవాణ్ణి. వారానికి ఇరవైఐదు గుడ్లు. మొదటి వారం సన్యాసి సంతోషంగా తిన్నాడు. రెండోవారం తిన్నాడు. మూడోవారం మింగాడు. నవంబరు నాటికి దారిలో కోడి కనిపిస్తే ఆటోలోనే మొహం తిప్పుకునేవాడు.

మొదట్లో గౌరీశ్వరి ఆటోలో ఓ మూల ముడుచుకుని కూర్చునేది. వాడి మోకాలు తగిలితే ఇంకాస్త ముడుచుకునేది. కానీ రోజూ పదకొండూ నలభైకి, పన్నెండుకి, పన్నెండూ ఇరవైకి, ముందే రాసిపెట్టిన చీటీ ప్రకారం ఒకడు వచ్చి భయపెడుతుంటే ఎన్నాళ్ళని భయపడగలరెవరైనా? టైంటేబులు ప్రకారం వచ్చేది భయం కాదు, పీరియడు. దసరా సెలవులయ్యేసరికి ఆ పిల్ల వాడికి సోడా కొనమని నాకు చెప్పే స్థితికొచ్చింది.

"తినలేకపోతన్నాను గౌరీ. కడుపుల కోళ్ళు కూస్తన్నట్టున్నాయి" అన్నాడోరోజు సన్యాసి. ఆటో గుంతల్లో ఎగురుతోంది. "నీ గుడ్డు నువ్వు తినీయే బాబూ. దండం ఎడతాను."

"నానేటి వద్దన్నానా? జులై నుంచి కాసుకుని కూకున్నాను" అంది గౌరీశ్వరి. "పండితులు సార్ని అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను దారి పక్కన జీడితోటల్ని పరిశీలించాను.

"సారూ" అంది ఆ పిల్ల, చాలా మర్యాదగా. "ఈడు ఇచ్చీస్తన్నాడండి. మీరే నన్ను తీసుకోనివ్వట్లేదు. ముందు ఈడొక్కడే లాక్కునీవోడు. ఇప్పుడు మీరందరూ కలిసి లాక్కుంటన్నారు."

పాతికేళ్ళుగా పిల్లలకి విభక్తులు చెబుతున్నవాణ్ణి, ఆ వాక్యంలో కర్త ఎవరో తెలియకపోలేదు.

"మార్చి దాకా ఆగమ్మా" అన్నాను.

ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి సరిపోయింది. అయినా ఆరో తరగతి పిల్లకి ఒక చెయ్యంటే చాలా కాలం.

డిసెంబరు రెండో వారంలో జిల్లా స్థాయి కరుణోదయ సభ పెట్టారు. ముఖ్య అతిథి, సంయుక్త సంచాలకులు భుజంగరావు గారు. ఆయన చేతులమీదుగా జిల్లాలో ఉత్తమ పీడితునికి శాలువా, వెండిపళ్ళెంలో 'సాంత్వన గుడ్డు' బహూకరిస్తారని ఆహ్వానపత్రంలో వేశారు. ఎంపికైంది మా గౌరీశ్వరి. గుడ్డు ప్రభుత్వానిదే. లాక్కున్నది కాదు, పెట్టింది. మార్పు శాతంతో దీనికి సంబంధం లేదని నేను పదహారు పేజీలూ తిరగేసి రూఢి చేసుకుని మరీ గౌరీశ్వరికి చెప్పాను.

"నిజంగా తినీవచ్చాండి?"

"వేదిక మీదే తినీవచ్చు."

ఆ పిల్ల ఆ రోజు పొద్దున్న టిఫిను మానేసి వచ్చింది.

వేదిక మీద దృశ్యం ఎలా ఉందో చెప్పాలి. ఎడమ పక్క సన్యాసి. మూడు నెలల గుడ్లతో మొహం పాలిపోయి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, వంగి, నేల చూపులు చూస్తున్నాడు. కుడిపక్క గౌరీశ్వరి. నడుం మీద చెయ్యేసుకుని, "నిటారుగా నిల్చోరా అన్నయ్యా, అందరూ సూస్తన్నారు" అని గద్దిస్తోంది. భుజంగరావు గారు ఇద్దరినీ తేరిపార చూశారు. ముప్పైయేళ్ళ పరిపాలనానుభవం ఆయన కళ్ళలో మెరిసింది. కాగితం చూడాల్సిన అవసరం ఆయనకి తోచలేదు.

శాలువా తీసి సన్యాసికి కప్పారు.

"చూడుడు!" అన్నారు మైకులో. "ఆకారము పెద్దదైనను పీడన వలన ఎట్లు కృశించెనో! పీడనకు లింగభేదము లేదనుటకు ఇదియే నిదర్శనము." ఆ పైన గౌరీశ్వరి వైపు తిరిగి, "పాపా! ఇంత చిన్న వయసులో అంత కాఠిన్యమా? పశ్చాత్తాపపడుము" అని, వెండిపళ్ళెం సన్యాసి ముక్కు కిందకి తెచ్చారు.

గుడ్డు వాసన తగలగానే సన్యాసి బావురుమన్నాడు. "వద్దండి! మీ కాలికి మొక్కుతాను, గుడ్డు వద్దండి!"

"ఆహా, ఆ బాలిక యెడల ఎంత భయము!" అని భుజంగరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. హాలంతా చప్పట్లు.

దాలినాయుడు గారు వైకుంఠరావు గారి వైపు చూశారు. వైకుంఠరావు గారు నా వైపు చూశారు. నా పక్కన ఎవరూ లేరు. పై అధికారి పొరపడ్డప్పుడు దాన్ని పొరపాటు అనే అధికారం ఎవరికుందో కాగితంలో ఎక్కడా రాయలేదు. ముగ్గురమూ చప్పట్లు కొట్టాం.

అప్పుడు గౌరీశ్వరి నడిచి వెళ్ళి మైకు వంచుకోబోయింది. అందలేదు. సన్యాసి ఏడుపు ఆపి, మైకు కిందకి దించి పెట్టాడు.

"సార్, మీరు తిరగేసి సూస్తన్నారండి" అంది. "నాను పీడితుణ్ణి. పీడకుడు ఈ అన్నయ్య. జులై నుంచి నా గుడ్డు తిన్నాడు. సెప్టెంబర్ల పండితులు సారు వద్దురా అంటే, మానేస్తానన్నాడు. హెడ్మాస్టారు మార్చి దాకా మారొద్దన్నారు. అప్పట్నించి ఈడు వద్దన్నా ఈడిసేత తినిపిస్తన్నారు, నాను కావాలన్నా నాకెట్టట్నేదు. రోజుకి ఐదు గుడ్లండి, ఐదూళ్ళల్ల. ఈడు ఏడుస్తంది నన్ను సూసి కాదు, గుడ్డు సూసి. నాను ఈడిమీద గట్టిగా అరిసింది ఈడు పడిపోతాడని. అంతేనండి."

హాలులో ఉన్న పిల్లలు ముందు నవ్వారు. తర్వాత నిజంగా చప్పట్లు కొట్టారు. మా చప్పట్లకీ ఆ చప్పట్లకీ తేడా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

భుజంగరావు గారు వెండిపళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. "అటులైన... ఈ గుడ్డు ఎవరిది?"

"రికార్డు ప్రకారం కుర్రాడిదైపోయింది సార్. శాలువా కప్పేశారు" అన్నారు దాలినాయుడు గారు.

"ఆ బాలికకు ఇప్పించుడు."

"కుర్రాడిస్తే నూరు శాతం మార్పు అయిపోతుంది సార్. డిసెంబరు కోటా నలభైయే."

"బాలికయే తీసికొనిన?"

"అది లాక్కోవడం అవుతుంది సార్. అమ్మాయి పీడకురాలవుతుంది. కొత్త ఫారం, కొత్త సంఖ్య, మళ్ళీ నాలుగు శాతం నుంచి మొదలు."

"మనమే తిరిగి తీసికొనిన?"

"అప్పుడు మనం..." అని దాలినాయుడు గారు ఆగిపోయి, మెల్లగా వెనక్కి జరిగారు.

ఒక ఉపసంఘం వేస్తే ఎలా ఉంటుందన్న దాకా చర్చ వచ్చింది. ఈలోగా సన్యాసి ముక్కు తుడుచుకుని, పళ్ళెంలోంచి గుడ్డు తీసి, బల్ల అంచున కొట్టి, మూడు నెలల అనుభవంతో ఒక్క పెంకు ముక్కయినా మిగలకుండా వలిచాడు. మొహం అటు తిప్పుకుని, చెయ్యి ఇటు చాపాడు.

గౌరీశ్వరి తీసుకుంది. ఎవరి వైపూ చూడలేదు, నా వైపు అసలే చూడలేదు. వేదిక అంచున కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, తీరిగ్గా తిన్నది. కన్నులారా నిర్ధారించాను.

అప్పటికి ఉపసంఘం సభ్యుల పేర్లు ఖాయం చేసుకున్న భుజంగరావు గారు ఇటు తిరిగి ఖాళీ పళ్ళెం చూసి ఉలిక్కిపడ్డారు. మైకు అందుకున్నారు.

"పాపా! ఆ గుడ్డును నీవు ఏ హోదాలో భుజించితివి?"

గౌరీశ్వరి నోట్లో ముద్ద మింగి, మూతి తుడుచుకుంది.

"ఆకలేసి, సార్."